సంగ్రాహకుని ధర్మము

నాణెములను, తాళపత్రములను, తపాలా బిళ్లలను కూడబెట్టువారిని లోకము గౌరవించును. కాని పిల్లల వినోదమునకై చౌక కాగితముపై నచ్చువేయబడి, వారము తిరుగకమున్నే పొట్లములకు పోదగిన బొమ్మల పత్రికలను ఏండ్ల తరబడి వెదకి, వెలపెట్టి కొని, పెట్టెలలో దాచుకొనువారిని జూచినచో పెద్దలు నవ్వుదురు. బ్రిటను దేశమున నిట్టివారు పెక్కురు గలరు. వారి శ్రమ కేవలము వ్యసనమా? లేక దానియందు ధర్మ మేమైన నున్నదా? చదువరులారా, ఈ ప్రశ్నము చూచుటకు చిన్నదియే, విచారించినకొలది పెద్దదగును.

ముందుగా నీ పత్రికల పుట్టుకను గొంత తెలిసికొందము. 1884 లో లండనునందు "ఆలీ స్లోపర్స్ హాఫ్ హాలిడే" యను వారపత్రిక వెలువడెను. 1890 లో ఆల్ఫ్రెడ్ హార్మ్స్‌వర్తు "కామిక్ కట్స్" అను పత్రికను అర్ధపెన్నీ వెలకు అమ్మసాగెను. చదువు నేర్చిన పేదవానికిని నవ్వు అందుబాటులోనికి వచ్చెను. తరువాత స్కాట్లండులోని డండీ పట్టణమున డి. సి. థామ్సన్ సంస్థవారు 1937 డిసెంబరులో "డాండీ"ని, 1938 జూలైలో "బీనో"ని ప్రారంభించిరి. ఒక్కొక్కదాని వెల రెండు పెన్నీలు. 1950 లో మార్కస్ మోరిస్ అను క్రైస్తవ మతాచార్యుడు, పిల్లలకు మేలైన చదువు నీయవలెనను సంకల్పముతో "ఈగిల్" పత్రికను నెలకొల్పెను. డాండీ అచ్చుప్రతి 2012 తో నిలిచిపోయెను. బీనో నేటికిని వెలువడుచున్నది.

"ఇవి పిల్లల యాటబొమ్మలు, వీనిలో కళ యెక్కడిది?" అని కొందఱు ఆక్షేపింపవచ్చును. కాగితము చౌకయైనంతమాత్రమున చేయి చౌకది కానేరదు. డడ్లీ వాట్కిన్సు గీతలోని స్పష్టతను జూడుడు: డెస్పరేట్ డాన్ యొక్క గడ్డమునందు నొక్క గీతయైన వ్యర్థము గాదు. లియో బాక్సెండేలు చిత్రించిన అల్లరి పిల్లల గుంపులో ప్రతి మూలను వేఱొక చిన్న హాస్యము దాగియుండును. మరల మరల చూచినను క్రొత్తది కానవచ్చును. ఫ్రాంక్ హాంప్సన్ డాన్ డేర్ కథకై వ్యోమనౌకల నమూనాలు చేయించి, తోడి పనివారిని నిలువబెట్టి ఛాయాచిత్రములు తీయించి, ఆ పిమ్మట రంగులు వేసెడివాడు. ఇంత శ్రద్ధ రాజమందిరపు గోడలకు దక్కినచో కళ యందుము. బాలుని చేతికి దక్కినంతమాత్రమున కాదనుట న్యాయమా?

అయినను సేకరణమునం దొక విచిత్రము గలదు. 2004 లో డాండీ తొలి సంచిక ప్రతి యొకటి, దానితో నుచితముగా నిచ్చిన ఈలతో సహా, వేలములో 20,350 పౌండ్లకు పోయెను. ఇంత వెల యెందులకు? ఆ యీలను ఊదుచు వీధులలో తిరిగినవారి సంచికలు చినిగి నశించినవి గనుక. ఏ ప్రతిని బాలుడు తనివితీర ననుభవించెనో అది నేడు లేదు. ఏది చేయి తగులక మిగిలెనో దానికే వెల. మఱియు యుద్ధకాలమున కాగితపు కఱవుచే డాండీయు బీనోయు 1941 మొదలు 1949 వఱకు వారము విడిచి వారము వెలువడెను. పాత కాగితములను దేశమునకై తిరిగి యిచ్చివేయుడని పిల్లలను బోధించిరి, వారును ఇచ్చిరి. కావుననే ఆ సంచికలు నేడు దుర్లభములు. ఆనాడు దాచుకొనక యిచ్చిన బాలుడే ధర్మము చేసినవాడు. కనుక దాచుట తనంత తానుగా పుణ్యము కాదు. దేనికొఱకు దాచుచున్నామను దానినిబట్టియే దానికి మంచిచెడ్డలు గలుగును.

ఇక అసలు సంగతికి వత్తము. ఈ బొమ్మలను వ్రాసిన వారెవరు? చిరకాలము పాఠకులకు తెలియదు. చిత్రకారుల పేళ్లు పుటలపై ప్రకటించు నాచారము లేకుండెను. వాట్కిన్సు వంటి బహు కొలదిమందికే సంతకము చేయు నధికారము దక్కెను. ఆయన 1969 లో బొమ్మ వ్రాయుచు బల్లయొద్దనే ప్రాణములు విడిచెను. బాక్సెండేలు 1953 లో మిన్నీని, 1954 లో బాష్ స్ట్రీట్ బడిపిల్లలను సృష్టించెను. 1962 లో సంస్థను విడిచెను. తన సృష్టిపై హక్కులకై 1980 వ దశకమున ఏండ్లకొలది వ్యాజ్యమాడగా, 1987 లో న్యాయస్థానము వెలుపల రాజీ కుదిరెను. డాన్ డేర్ పై హక్కులు హాంప్సనునకును దక్కలేదు. ఇటలీలోని లూకా నగరమున 1975 లో విదేశీయులు ఆయనను సన్మానించిరి.

"జీత మిచ్చిరి గదా! నష్టమునకు పూచీపడినది ప్రకాశకుడు. ఒప్పందమునకు సమ్మతించినది చిత్రకారుడు. ఇందు అన్యాయమేమి?" అని వాదింతురు. వారమువారము జీతము ముట్టుట చిన్న సంగతి కాదు, ఒప్పుకొందము. కాని జీతము శ్రమకు వెల. పేరు అమ్మకపు సరకు గాదు. పేరు ముద్రించుటకు వెచ్చమగు సిరా యెంత? అయినను ఏల ముద్రింపరైరి? పాఠకునకు పేరు తెలిసినచో చిత్రకారుడు హెచ్చు జీతము నడుగగలడు, వేఱొక పత్రికకు పోయినను పాఠకులు వెంట పోవుదురు. ఎవరిదో తెలియని చేతికి బదులు మఱియొక చేతిని పెట్టుట సుకరము. పేరు లేకుండుట మఱపు గాదు, లాభమే. కావున దానిని అన్యాయ మనక తప్పదు.

ఈ యన్యాయమును కొంతవఱకైన సరిదిద్దినది సంగ్రాహకులే యనుట గమనింపదగినది. సంతకము లేని పుటలను పక్కపక్కన బెట్టి, గీత పోకడనుబట్టి ఇది ఫలానా వాని చేయి యని వారు పోల్చిరి. డెనిస్ గిఫర్డు తన జీవితమంతయు నీ పత్రికలను సేకరించి, 1975 లో నూఱేండ్ల బ్రిటిష్ కామిక్కుల పట్టికను ప్రకటించెను. ఆయన 2000 లో మరణించిన పిమ్మట ఆ సేకరణము వేలమున చెదరిపోయెను. పట్టిక మాత్రము నిలిచినది. 1977 లో ప్రారంభమైన "2000 ఏడీ" పత్రిక రచయితల పేళ్లను, చిత్రకారుల పేళ్లను ముద్రింప మొదలిడెను. ఇక మూలచిత్రముల మాట. అచ్చుకంటె పెద్ద అట్టపై వ్రాయబడిన వానియందు పెన్సిలు జాడలు, తెల్లరంగుతో దిద్దిన చోటులు కానవచ్చును. సంస్థలు వానిని తమ సొత్తుగా నెంచినవి, పెక్కు నాశనమైనవి. మిగిలిన వానిని కాపాడుట మేలే. కాని బొమ్మకు వేల పౌండ్లు పలుకునపుడు, వ్రాసినవాని యింట నేమి మిగిలెనని కొనువాడు అడుగవలెను.

మఱియొక చిక్కు గలదు. బీనో తొలి సంచిక శిరోభాగమున పుచ్చకాయ తినుచున్న నల్లజాతి బాలుని హేళనగా చిత్రించిరి. 1908 నుండి 1940 వఱకు నడచిన "మాగ్నెట్" అను కథాపత్రికలో, ఇంగ్లీషు బడిలో చదువు హిందూదేశపు రాజకుమారుడు హరీ జంసెట్ రాం సింగు తన వంకర యింగ్లీషుచే నవ్వు పుట్టించును. ఆతడు మంచి స్నేహితుడుగనే చిత్రింపబడెను. అయినను నవ్వు మన మాటతీరుపైననే. ఇట్టి పుటలను చింపివేయవలెనా? చింపినచో, తాతలు దేనికి నవ్విరో మనుమలకు తెలియదు. కాపాడుట వేఱు, కొనియాడుట వేఱు. పుటను యథాతథముగ నుంచి, దాని దోషమును దోషమని పిల్లలకు చెప్పుటయే ఉచితము.

కావున సంగ్రాహకునకు మూడు విధులు గలవు: చేసినవాని పేరు వెదకి చెప్పుట, దోషమును మాటుచేయకుండుట, తాళము వేసి దాచక, చదువగోరువారికి చూపుట. వీనిని పాటించువాడు ఋణము తీర్చుకొనుచున్నాడు. పాటింపనివాడు ధనమును కాగిత రూపమున దాచుచున్నాడు. మన యింటి పిల్లల చేతిలోనున్న బొమ్మల పుస్తకమును ఒకసారి తెఱచి, బొమ్మ వ్రాసినవాని పేరెక్కడ నున్నదో వారిచేతనే వెదకింపుడు. కనబడనిచో, ఎందులకు లేదో వారితో ముచ్చటింపుడు.