సరమ యడిగిన ప్రశ్న

మహాభారతమును మొదటినుండి చదువ నారంభించినవారికి కురుపాండవుల కలహముకంటె ముందుగానే యొక కుక్క మొఱ వినబడును. జనమేజయుడు కురుక్షేత్రమున సత్రయాగము చేయుచుండగా, దేవశునకమైన సరమయొక్క కొడుకు సారమేయుడు అచ్చటికి వచ్చెను. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది యేడ్చుచు తల్లికడకు పోగా నామె మొదట బిడ్డనే విచారించెను: హవిస్సును చూచితివా, నాకితివా యని. ఏ తప్పును లేదని తెలిసికొన్న పిమ్మటనే యాగశాలకు వచ్చి, నా కొడుకు నెందులకు కొట్టితిరని యడిగెను. వారు మాటాడలేదు. ఆమె శపించి పోయెను. ఆ యితిహాసము కడపటను మరల కుక్కయే కనబడును. దానిని విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు పట్టుపట్టెను. మన పౌరాణికులు ఈ రెండవ కథను విసుగులేక చెప్పుదురు. మొదటిదానిని తఱచుగా దాటిపోవుదురు. రెండవదానిలో మనుష్యుని గొప్పతనము కలదు, మొదటిదానిలో వాని యన్యాయము కలదు. కారణ మింతియే కాబోలు.

సరమకు నాడు రాని జవాబు నేటికిని రాలేదని మా యభిప్రాయము. పట్టణములయందు కుక్కలను పెంచు గృహములు మిక్కుటమైనవి. వానిలో క్రూరులనదగినవారు మిక్కిలి తక్కువ. అయినను వానిలో తఱచుగా జరుగు తంతు నొకదానిని చదువరు లెఱుగుదురు. యజమాని సాయంకాలమున నింటికి వచ్చును. గుమ్మముకడ చెప్పు కొఱుకబడి యుండును. కుక్క చెవులు వాల్చి, తోక ముడిచి, చూపు తప్పించుకొనును. “చూచితిరా, తప్పు చేసినట్లు దానికే తెలియును!” అని యాయన చెయ్యెత్తును. ముద్దాయి నేర మొప్పుకొన్నాడని తీర్పు చెప్పినట్లే.

ఈ యొప్పుకోలు నిజమైనదేనా? న్యూయార్కునందలి బర్నార్డు కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జు అను పండితురాలు 2009లో దీనిని పరీక్షించిన విధమును ప్రకటించెను. కుక్కయెదుట తినుబండార ముంచి, తినవద్దని చెప్పి, యజమాని గది వీడిపోవలెను. అటుపిమ్మట కొన్ని సమయములందు కుక్క దానిని తినెను. కొన్నిట పరీక్షకురాలే దానిని తీసివేసెను. తిరిగివచ్చిన యజమానికి ఒకప్పుడు నిజమును, ఒకప్పుడు అబద్ధమును చెప్పిరి. తేలినదేమనగా, “తప్పు చేసిన మొగము” తప్పును బట్టి రాలేదు, యజమాని కసరుటను బట్టి వచ్చెను. ఏమియు తినకయే తిట్లు పడిన కుక్కలయందే యది యెక్కువగా కనబడెను. అనగా మనము నేరాంగీకారమని చదువుకొన్నది మన కోపమునకు భయపడిన జంతువు చేయు శాంతిప్రార్థన. బెత్తమును చూచి వడకు ప్రతి బాలుడును దోషియే యని నమ్మిన యుపాధ్యాయులను మేము చూచియున్నాము. వారి తర్కమునకును దీనికిని భేదము లేదు.

అట్లయిన కుక్కకు నడవడి నేర్పవలదా, వచ్చిన బంధువులను కఱువనిత్తుమా యని కొంద ఱడుగుదురు. నేర్పవలెను. సంస్కృతమున శిక్ష యనగా ప్రధానముగా నేర్పుట. తెలుగులోనికి వచ్చి యది దండన యైనది. ఈ యర్థవిపర్యాసమున మన సంసారముల చరిత్ర కొంత యున్నది. మంచిపని చేసిన క్షణముననే ఒక ముక్క పెట్టుట, ఇంటిల్లిపాదియు ఒకే పనికి ఒకే మాట వాడుట: కుక్క దీనిచేత నేర్చుకొనును. చెప్పు కొఱికిన గంటకు పడిన దెబ్బవలన నది నేర్చుకొనున దొక్కటే: యజమాని యింటికి వచ్చుట భయంకరమైన సంగతి యని.

దెబ్బయే యన్యాయము కాదు. తెలియని ముద్దును అన్యాయము కాగలదు. మనకు వాసనగ్రాహకముల జన్యువులు సుమారు 400 కాగా కుక్కకు సుమారు 800 కలవు. అది విడుచు గాలి ముక్కు ప్రక్కల చీలికలగుండ పోవును గనుక లోనికి వచ్చు వాసన చెదరదు. దానికి నీలమును పసుపును తెలియును గాని యెఱుపు తెలియదు. పచ్చగడ్డిలోనికి ఎఱ్ఱబంతిని విసరి, కనిపెట్టలేదని దానిని మందబుద్ధి యనువారిని ఏమనవలెను? షికారునకు తీసికొనిపోయి, స్తంభముకడ నది వాసన చూడబోవగా గొలుసుపట్టి లాగుట పుస్తకము తెఱచిన పిల్లవానిని చెవిపట్టి లేపుట వంటిది.

ఎండ సంగతి యింతకంటె కఠినము. కుక్కకు చెమట పట్టునది పాదముల యడుగుననే. తక్కిన వేడి ముఖ్యముగా నాలుక చాచి రొప్పుటచేత పోవలెను. మంచుదేశపు హస్కీని తెచ్చి బెజవాడ వేసవిలో నిలుపుట ప్రేమ యెట్లగునో మాకు బోధపడలేదు. పగ్గు జాతికి ముక్కును నొక్కివేసినది ప్రకృతి కాదు, తరతరములుగా నేరి పెంచిన మనుష్యుడు. దాని గురకకు మనము నవ్వుదుము. పెక్కుసారు లది యూపిరి చాలక పడు బాధ. ఇక తిండి. మన సాంబారన్నములోని యుల్లిపాయలు కుక్క నెత్తుటియందలి యెఱ్ఱకణములను చెఱచును. చాక్లెట్టును ద్రాక్షయు దానికి విషములు.

1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము, ఎల్లప్పుడు గొలుసుతో కట్టియుంచిన కుక్కను తగినంత త్రిప్పకుండుటను నేరముగా పేర్కొన్నది. మొదటి తప్పునకు జరిమానా 50 రూపాయలకు మించదు. ఆ చట్టము వచ్చి అఱువదేండ్లు దాటినను ఆ గొలుసు మన పెరటిలో నట్లే యున్నది.

కఱచు కుక్క మాట యేమందురా? భయము నిజమైనదే. పిచ్చికుక్కకాటు వ్యాధి లక్షణములు పొడసూపినపిమ్మట ప్రాణము దక్కుట మిక్కిలి యరుదు. కాటుపడిన వెంటనే సబ్బుతో, ధారగా పాఱు నీటితో 15 నిమిషములు గాయమును కడిగి వైద్యునికడకు పోవలెను. కాటుపిమ్మట వేయు టీకాను పాశ్చరు పండితుడు 1885లోనే చూపెను. కుక్కకు ముందుగా వేయు టీకా నేడు సులభముగా దొరకును. వేయింపని యజమాని, కాటు జరిగినపిమ్మట కుక్కను రాత్రివేళ మఱియొక పేటలో విడిచివచ్చుట మేము వినియున్నాము. అచ్చట నేరము ఎవరిదో, శిక్ష ఎవరికో చదువరులే చూడుడు.

సరమ తన కొడుకునే ముందుగా విచారించినదని చెప్పితిమి. మన యింటి విచారణయు నట్లే సాగవలెను. గిన్నెలో నీరున్నదా? ఉదయమున నడిపించితిరా? చెవిలో గోమారులు పట్టినవా? ఇక చెప్పు విషయమున మఱియొక ప్రశ్న కలదు: దాని వయస్సెంత? నాలుగు మొదలు ఆఱు మాసముల నడుమ కుక్కపిల్లకు 28 పాలపండ్లు రాలి 42 పండ్లు వచ్చుచుండును. చిగుళ్ల బాధచేత నది దొరకినదెల్ల కొఱుకును. గట్టి రబ్బరు బొమ్మ నొకదానిని దానికిచ్చి, చెప్పులను కొంత యెత్తున పెట్టినయెడల ఆ రెండు మాసములును గడచిపోవును.