పూయని మొక్కను నిందింపవచ్చునా?

ఒక చిన్న మొక్కనుగూర్చి చెప్పి, దాని వెంట ఒక పెద్ద ప్రశ్నను నీ ముందుంచవలెనని యున్నది. ప్రశ్న యేమనగా, ఒక ప్రాణి తన ఫలమును ఇయ్యనప్పుడు దోషమెవరిది? ఆ ప్రాణిదా, దాని చుట్టునున్న స్థితిగతులదా, లేక దానిని పెంచువానిదా? మన సంఘములలో ఈ ప్రశ్న ఏదో యొక రూపమున ఎప్పుడును వచ్చుచునే యుండును. ఫలానా చిన్నవాడు గుడికి వచ్చుట మానెను. ఫలానా యామె యేండ్ల తరబడి వెనుక వరుసలో కూర్చుండును గాని నోరు తెరచి ప్రార్థింపదు. ఫలానా కుటుంబమువారు బాప్తిస్మము పొంది పదేండ్లయినను వారిలో మార్పు కానరాదు. వెంటనే మనము “వారికి విశ్వాసము లేదు” అని తీర్పు చెప్పుదుము. ఆ మాటతో విచారణ ముగియును. దానితోకూడ మన పనియు తప్పిపోవును!

ఇక మొక్క సంగతి. దానిని ఆఫ్రికన్ వయొలెట్ అందురు. మా నర్సీపట్నములో అది అరుదు. ఇక్కడ ఒక సహోదరి కుమారుడు బెంగుళూరులో పని చేయుచు, పండుగకు వచ్చినప్పుడు తల్లికొరకు రెండు చిన్న కుండీలు తెచ్చెను. మొక్క అరచేయంత. ఆకులు దళసరివి, ముఖమలు గుడ్డవలె నూగు గలవి. నడుమ ఊదారంగు పూవులు గుత్తిగా నుండును. తెచ్చిన దినమున ఇరుగుపొరుగువారందరు వచ్చి చూచిరి. కొన్ని వారములకు పూవులు వాడి రాలిపోయెను. ఆ తరువాత నెలలు గడచినను ఒక్క మొగ్గయైనను తొడుగలేదు. చూడవచ్చిన యొక పెద్దమ్మ “ఇది గొడ్డు చెట్టే, పారవేయు” మనెను. ఆ మాట మన యూళ్లలో చెట్లకు మాత్రమే వాడబడునది కాదు గనుక నా చెవికి కటువుగా తోచెను. ఆ మాట విని తలవంచుకొని మన మధ్య కూర్చుండు స్త్రీలు ఉన్నారు.

ఈ మొక్క పుట్టినిల్లు తూర్పు ఆఫ్రికాలోని ఉసంబర కొండలు. నేడవి టాంజానియా దేశములో నున్నవి. 1892లో అక్కడ ఉద్యోగము చేయుచుండిన వాల్టర్ వాన్ సెయింట్ పాల్ అను జర్మను అధికారి దీనిని చూచి జర్మనీలోనున్న తన తండ్రికి పంపెను. 1893లో హెర్మన్ వెండ్‌లాండ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఆ వంశము పేరిట దీనికి సెయింట్‌పాలియా అని పేరు పెట్టెను. ఆ పేరు వినగానే మన అపొస్తలుడైన పౌలును తలంచుకొనవద్దు. ఆయనకును ఈ పూవునకును ఏ సంబంధమును లేదు. నిజమునకు ఇది వయొలెట్ జాతిదియు కాదు. 2015లో శాస్త్రజ్ఞులు దీనిని సెయింట్‌పాలియా నుండియు తీసి స్ట్రెప్టోకార్పస్ అను ప్రజాతిలో చేర్చిరి. మనుష్యులు పేర్లు మార్చుచున్నారు గాని మొక్క గుణము మారలేదు. అది చెట్ల నీడను, పాచి పట్టిన రాళ్లమీద, చెమ్మగల గాలిలో పెరిగినది. ఎక్కడికి కొనిపోయినను ఆ కొండనే అడుగును.

దానికి వెలుగు కావలెను గాని ఎండ కాదు. ఎండ సూటిగా తగిలినయెడల ఆకులు వెలిసి మచ్చలు పడును. వెలుగు చాలనియెడల ఆకుల కాడలు పొడుగుగా సాగి, అడుగువాడు చేతులు చాచినట్లు పైకి లేచును. ఆకులు పచ్చగానే యుండును, చూచువాడు మొక్క సుఖముగా నున్నదనుకొనును గాని పూవు రాదు. దినమునకు ఇంచుమించు 12 గంటల మెత్తని వెలుగును, ఆ తరువాత కనీసము 8 గంటల చీకటియు దానికి కావలెను. చలియు వేడియు రెండును మితిమీరకూడదు. 18 మొదలుకొని 26 డిగ్రీల వరకు దానికి హాయి. చల్లని నీరు ఆకులమీద పడినయెడల తెల్లని మచ్చలగును. నడిబొడ్డున నీరు నిలిచిన కుళ్లును. అందుచేత పళ్లెములో నీరు పోసి అడుగునుండి త్రాగనిచ్చుట మేలు. నత్రజని యెరువు మెండుగా వేసినయెడల ఆకులు విస్తరించును, పూవులు తగ్గును. మరియొక చిత్రము కలదు. పెద్ద కుండీలో ఇది సరిగా పూయదు; వేళ్లు కొంచెము ఇరుకున పడినప్పుడే పూయును. దీనినిబట్టి “బీదరికము ఆత్మకు మంచిది” అని ప్రసంగించుటకు నాకిష్టము లేదు. ఆ ప్రసంగము చేయువారు సాధారణముగా పెద్ద కుండీలలోనే యుందురు.

ఇప్పుడు మా నర్సీపట్నమును చూడుము. కొండల అడుగున నున్న పట్నము. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుట అరుదు కాదు. ఘాట్‌రోడ్డున చింతపల్లి వైపు ఎక్కి పోయినయెడల, సుమారు 1000 మీటర్ల యెత్తున లంబసింగి యున్నది; చలికాలమున అక్కడ రాత్రివేళ చలి సున్నా డిగ్రీల దగ్గరకు దిగును. అక్కడివారు స్ట్రాబెర్రీ పండించుచున్నారు. ఆ మన్యపు తోటలలో కాఫీ మొక్క పెద్ద చెట్ల నీడను బ్రదికి, వేసవి మొదటి వానజల్లు పడిన కొద్ది దినములకు తెల్లగా విరియబూయును. ఆ కాఫీ మొక్కను తెచ్చి మా బజారువీధిలో బోరున ఎండలో నాటి, పూయలేదని దానిమీద కోపపడువాడు వివేకియా?

ఆ సహోదరి యింటిలో కుండీలుండిన గది, దారి దుమ్ము రాకుండ కిటికీ మూసియుంచిన గది. ఆమె వాటిని తూర్పు కిటికీ చెంతకు మార్చి, పలుచని గుడ్డ అడ్డము కట్టి, పళ్లెములలో నీరు పోయసాగెను. వేసవియంతయు ఆమె పూవును కోరలేదు. మొక్క చావకుండుటయే చాలుననుకొనెను. ఇది నాకు మిక్కిలి నచ్చినది. కొన్ని కాలములలో ప్రాణముతో నిలుచుటయే ఫలము. భర్తను పోగొట్టుకొని యేడాదియైనను కాని స్త్రీని “నీ సాక్ష్యమేది? నీ పాటయేది?” అని మనమేల అడుగవలెను? ఏలీయా బదరీచెట్టు క్రింద పరుండి చావు కోరుకొనినప్పుడు ప్రభువు అతని గద్దింపలేదు, నిద్రపోనిచ్చెను. దూతను పంపి రొట్టెయు నీళ్లును ఇప్పించెను, మరల నిద్రపోనిచ్చెను. ప్రశ్న అడుగుట ఆ తరువాత, చాల దూరము నడచి కొండకు చేరిన పిమ్మట. భోజనమును నిద్రయు ఆత్మసంబంధమైన సంగతులు కావని తలంచువారు ఆ యధ్యాయమును మరల చదువవలెను.

డిసెంబరు నెలలో ఆ రెండింటిలో ఒకటి మొగ్గ తొడిగి పూచెను. రెండవది పూయలేదు. కిటికీ అదే, నీళ్లు అవే, చేయి అదే. నేటికిని అది పూయలేదు. ఇక్కడ మన ప్రశ్న కఠినమగుచున్నది. స్థితిగతులే సమస్తమునకు కారణమనువాడు ఈ రెండవ కుండీకి ఏమి చెప్పును? “మనకు తెలియని కారణమేదో యుండును” అనును. కావచ్చును. చామంతిని చూడుము. రాత్రులు పొడుగైనప్పుడే అది పూయును. రాత్రి దానిమీద దీపము వెలుగుచున్నయెడల పూత ఆలస్యమగును. పూలసాగు చేయువారు కొందరు పంటను ఆలస్యము చేయుటకే తోటలో బల్బులు వ్రేలాడదీయుదురు. అయితే వయొలెట్ ఇంటిలోని ట్యూబులైటు వెలుగునను పూయును. ఒకదానిని పూయించు దీపమే మరియొకదానిని ఆపుచున్నది. ఒక బిడ్డను బాగుచేసిన క్రమశిక్షణ అతని తమ్ముని ఇల్లు విడిచి పోవునట్లు చేయుట మనము చూడలేదా? “అన్నకు సరిపోయినది నీకెందుకు సరిపోదు” అని అడుగు తండ్రి, చామంతికిని వయొలెట్‌కును ఒక్క దీపమే పెట్టుచున్నాడు.

“అయ్యగారూ, ఈ లెక్కన ఎవనికిని పాపము లేదు గదా! త్రాగుబోతు తన పేటను నిందించును, దొంగ తన బీదతనమును చూపును. అందరును మొక్కలే, అందరికిని కిటికీ తప్పే” అని మీలో ఎవరైన అడుగవచ్చును. ఈ యాక్షేపణ న్యాయమైనది, దీనిని త్రోసివేయరాదు. మొక్క తన కుండీని విడిచి నడువలేదు, మనుష్యుడు నడువగలడు. మొక్క పశ్చాత్తాపపడదు, తప్పిపోయిన కుమారుడు పందుల మధ్యనుండి లేచి తండ్రియొద్దకు వచ్చెను. అతడు లేచినప్పుడు స్థితిగతులు బాగుపడియుండలేదు, మిక్కిలి చెడియుండెను. చెడ్డ కుండీలో పూచిన పరిశుద్ధులు లోకమున అనేకులు.

అయినను గమనింపుము. ఏదెనులో మొట్టమొదట స్థితిగతుల వాదము చేసినవాడు ఆదాము. దేవుడు తనకిచ్చిన స్త్రీయే కారణమని చెప్పి, స్త్రీమీదను ఆమెను ఇచ్చిన దేవునిమీదను ఒక్క మాటలో నేరము మోపెను. ఆ వాదము అతని నోట చెడ్డదాయెను, ఏలయనగా అది తన్ను గూర్చినది. అదే వాదము అంజూరపు చెట్టు ఉపమానములో తోటమాలి నోట ఎంత శ్రేష్ఠముగా నున్నది! మూడేండ్లు ఫలము లేని చెట్టును నరికివేయుమని యజమానుడు చెప్పగా, తోటమాలి చెట్టును నిందింపలేదు, యజమానుని కాదనలేదు. ఇంకొక యేడాది గడువడిగి, చుట్టు త్రవ్వి యెరువు వేతుననెను. స్థితిగతులు మార్చు పని తన చేతిమీద వేసికొనెను. ఆదాము వంకయు తోటమాలి వేడుకోలును ఒకే తర్కమునుండి పుట్టినవి. తర్కమును ఎవరికొరకు వాడుచున్నామను దానిలోనే భేదము. నా మట్టుకు, నా నిష్ఫలత్వమునకు నా కుండీని చూపుట పిరికితనమని తోచుచున్నది. నీ నిష్ఫలత్వమును చూచి నీ కుండీని చూడకపోవుట క్రూరత్వమని తోచుచున్నది. ఈ రెండును ఒకేసారి నిజమెట్లగునని తర్కశాస్త్రము చదివినవారు అడుగుదురు. కారణమిది: నాలో ఎంత శక్తి యుండి వాడలేదో నాకు కొంత తెలియును, నీలో ఎంత యున్నదో నాకు తెలియదు, దేవునికి తెలియును. పుట్టుగ్రుడ్డివానిని చూచి పాపము చేసినదెవరు, వీడా, వీని కన్నవారా అని శిష్యులు అడుగగా, ప్రభువు ఇద్దరిలో ఎవరిమీదను వ్రేలు పెట్టలేదు. ఉమ్మి నేలమీద వేసి బురద కలిపెను.

ఉపమానములో ఆ గడువు ఒక్క యేడాదియే యని మరువరాదు. చెట్టు తుదకు ఏమాయెనో ప్రభువు చెప్పలేదు. తోటమాలి కూడ, అప్పటికిని ఫలింపనియెడల నరికించుమని ఒప్పుకొనెను. కనికరము లెక్కను రద్దుచేయదు, వాయిదా వేయును. ఆ వాయిదా కాలములో పార పట్టుకొనవలసినది మనము.

గనుక సంఘ పెద్దలారా, సభ్యుల పట్టీ ముందు పెట్టుకొని, రానివారి పేర్లు తీసివేయుదమా యని మీరు కూర్చుండు దినమున మొదట కొన్ని చిన్న సంగతులు విచారింపుడి. మన ఆరాధన ఉదయము పది గంటలకు. జీడిమామిడి పిక్కలు ఏరు కాలములో కూలికి పోవువారు ఆ వేళకు ఎక్కడ నుందురు? హోటలులో పని చేయు చిన్నవానికి ఆదివారము సెలవు కలదా? నోరు తెరువని ఆ సహోదరి ప్రార్థన చేసిన దినమున తప్పులు పలికినదని ఎవరైన నవ్విరా? వచ్చుట మానిన కుటుంబము పెండ్లికి అప్పు చేసి, ఆ అప్పిచ్చినవాడు మన ముందు వరుసలోనే కూర్చుండుచున్నాడా? ఈ ఆరు నెలలలో వారి గడప త్రొక్కినవారెవరు? ఆ పట్టీలో ప్రతి పేరు ప్రక్కను, చివర చూడబోయిన దినము వ్రాయుటకు ఒక గడి గీయుడి. ఖాళీ గడులు ఎన్ని యున్నవో లెక్కించి, ఆ యిండ్లకు ఈ వారముననే ఇద్దరిద్దరుగా బయలుదేరుడి. పోవునప్పుడు రశీదు పుస్తకము ఇంటివద్దనే ఉంచుడి.