ముచ్చటయు ధర్మమును

కోటబొమ్మాళికి చేరువను, టెక్కలి చెంతనున్న తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులు వచ్చి చెట్లపై గూళ్లు కట్టును. వానిని మనము అతిథులవలె ఆదరింతుము. ఈ సీమయందే ఉద్దానపు జీడితోటలలో దిరుగు ఎలుగుబంటి పేరు విన్నంతనే కర్ర చేతబట్టుదుము.

1964లో ఆరంభమైన అంతర్జాతీయ ఎఱ్ఱపట్టికను జూడుడు. గూడబాతు ఆపదకు సమీపించినదనియు, ఎలుగు ఆపదలోనే యున్నదనియు నది చెప్పుచున్నది. పట్టికకు అందచందములతో బనిలేదు. ఎన్ని మిగిలినవి, ఎంత వేగముగా దరుగుచున్నవి యని యడుగును. మన దయయో ముచ్చటగొలుపు జీవికడనే నిలిచిపోవుచున్నది.

ఎలుగువాతబడిన రైతుకుటుంబపు దుఃఖము స్వల్పము కాదు. వారికి పరిహారమును, తోటలకు కాపుదలయు సంఘము సమకూర్పవలెను. పేదవాని ప్రాణమొడ్డి మనము జీవకారుణ్యము చాటరాదు; పగబట్టి ఒక జాతిని రూపుమాపనురాదు. నచ్చినదానిని గాచుట ముచ్చట. నచ్చనిదానిని సైతము బ్రతుకనిచ్చుటయే ధర్మమని మా యభిప్రాయము.