అలిగి వెళ్ళిన కుమారుడు



గణపతి తల్లిదండ్రులకు ప్రదక్షిణం చేసి గెలిచాడని ఏటా కథ చదివి అక్షతలు వేసుకుంటాం. మరి ఓడిన కుమారస్వామి? నెమలి మీద లోకమంతా తిరిగొచ్చిన ఆ పిల్లవాడు అలిగి క్రౌంచ పర్వతానికి వెళ్ళిపోయాడని శివపురాణం చెబుతోంది. పిలిస్తే రాలేదు. పార్వతీపరమేశ్వరులే బయలుదేరారు. అది తెలిసి అతడు ఇంకా మూడు యోజనాలు దూరం జరిగాడు. వాళ్ళు వెంటబడలేదు, వెనక్కీ పోలేదు. అక్కడే ఉండిపోయారు. అదే మన శ్రీశైలం. అమావాస్యకు తండ్రి, పౌర్ణమికి తల్లి వెళ్ళి కొడుకును చూసి వస్తారట.

2012 ఒలింపిక్ కాంస్యం తరువాత సైనా నెహ్వాల్‌కు ఓటములు ఎదురయ్యాయి. 2014లో హైదరాబాదు వదిలి శిక్షణకు బెంగళూరు వెళ్ళింది. 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది. 2017లో మళ్ళీ గోపీచంద్ గారి దగ్గరికే వచ్చింది. దూరం వెళ్ళినంత మాత్రాన బంధం తెగిపోదు.

కువైట్‌లో పన్నెండో తరగతి అవగానే మన పిల్లలు చాలామంది విమానం ఎక్కేస్తారు. మా అబ్బాయి బాస్కెట్‌బాల్ అంటూ, మెడిసిన్ వద్దని వెళ్ళాడు. నాన్నగారి మాట కాదనలేక రష్యా వెళ్ళి డాక్టరీ చదివిన మేమే, నెలరోజులు వాడితో సరిగా మాట్లాడలేదు. రోగులకు ఓర్పు చెప్పే మాకే ఓర్పు లేకపోయింది. ఇప్పుడు ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాం. మార్కులు అడగం. "తిన్నావా నాన్నా?" అంటాం. ఈమధ్య వాడే చేస్తున్నాడు.

ఈ చవితికి ఉండ్రాళ్ళు నివేదించేటప్పుడు దూరాన ఉన్న పిల్లల పేర్లు కూడా సంకల్పంలో చెప్పుకుందాం. పిలవడం మన వంతు. ఎప్పుడు రావాలో వాళ్ళకు తెలుసు.

ఓం నమశ్శివాయ.