బర్జిల్లయి ముసలితనము – మన దొడ్డిలోని కోళ్లు

ధ్యానభాగము: 2 సమూయేలు 19:31–39



దావీదు తన కుమారునికి భయపడి పారిపోయి మహనయీములో నున్నప్పుడు, అతనికి ఆహారము తెచ్చినవారిలో గిలాదీయుడైన బర్జిల్లయి ఒకడు. యుద్ధము ముగిసిన పిమ్మట రాజు అతనిని యెరూషలేమునకు రమ్మని పిలిచెను. రాజు బల్లయొద్ద భోజనమును కాదనువారెవరు? ఈ 80 ఏండ్ల వృద్ధుడు కాదనెను. తనకు రుచి తెలియుట లేదనియు, పాట వినబడుట లేదనియు, రాజునకు భారమగుట తన కిష్టము లేదనియు చెప్పెను. తనకు బదులుగా కింహామును పంపి, తాను రాజును యొర్దాను యొద్ద సాగనంపి, దీవెన పొంది తన ఊరికి మరలెను.

దీనికిని కోళ్లకును ఏమి సంబంధమని కొందరు నవ్వవచ్చును. నవ్వనీయుడి. వనపర్తిలోను చుట్టుపట్ల పల్లెలలోను 60 దాటిన మన అక్కలలో పలువురిని బాధించు ప్రశ్న ఇదే: కోళ్లను ఉంచుకొందుమా, తీసివేయుదుమా? పట్నములో నున్న పిల్లలు ఫోను చేసి అమ్మివేయుమందురు. వైద్యుడు వంగవద్దనును. పెబ్బేరు సంతకు గంపలో తీసికొనిపోయిన ఒక పూటలో తీరిపోవు పని యని ఇంటివారు తలంతురు.

అంత సులభము కాదు. మన ఇండ్లలో పొలము భర్త పేరున నుండును, పెన్షను కుమారుని చేతిలో నుండును. ఎవరిని అడుగక ఒక స్త్రీ ఇయ్యగలిగినది కోడి ఒక్కటే. పిడికెడు బియ్యముతో కూడ రెండు గుడ్లు, కోతకాలపు పండుగలో వేలమునకు ఒక పుంజు, ప్రక్కింటి బాలింతకు ఒక పెట్ట – ఇవన్నియు ఆ గూటిలోనుండియే వచ్చినవి. గూడు తీసివేయుమని చెప్పువారు ఆమె ఇచ్చు చెయ్యిని కూడ కట్టివేయుచున్నారేమో చూచుకొనవలెను. మన ప్రభువు యెరూషలేమును గూర్చి దుఃఖించినప్పుడు తన్ను సింహముతో గాక పిల్లలను రెక్కల క్రిందికి చేర్చుకొను కోడితో పోల్చుకొనెను. కోడిని ప్రేమించుట చిన్నతనము కాదు.

అయినను సామెతలు 12:10 ఇంకొక ప్రక్కను చూపించుచున్నది. నీతిమంతుడు తన పశువు ప్రాణమునకు ఏమి కావలెనో యెరుగునని అచ్చట నున్నది. గూడు మూయుటకు లేవలేకపోయిన సాయంకాలము పిల్లియో ముంగిసయో రాక మానదు. మోకాలు మనది, పోవు ప్రాణము కోడిది! ఎండిన రెట్ట దుమ్మును ఈకల నలుసులును ఉబ్బసము గలవారి రొమ్మునకు మిక్కిలి హాని. ఊడ్చక ముందు నీళ్లు చల్లి, ముక్కునకు బట్ట కట్టుకొని, పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్‌ఫ్లూ కనబడినప్పుడు విన్న జాగ్రత్త ఎల్లప్పుడును మంచిదే: చచ్చిన కోడిని వట్టి చేతితో ముట్టరాదు.

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని లూకా 14లో నున్నది. మనమును చూతము. గుడ్లు పొదుగుకు పెట్టిన 21 దినములకు పిల్లలు లేచును. మొదటి వారములో కొక్కెర తెగులునకు లసోటా చుక్కలు, 8వ వారమున సూది వేయింపవలెను. ఆ పిల్ల పెట్టయై గుడ్డు పెట్టుటకు 6 నెలలైనను పట్టును. కాబట్టి పొదుగు పెట్టుట ఇంచుమించు 7 నెలల మాట ఇచ్చుట. ఈ దినమున లేవగలమా అని గాక, ఆ 7 నెలలు లేవగలమా అని అడుగుకొనవలెను.

లేవీయులు 50వ యేట బరువు పని మానవలెనని సంఖ్యాకాండము 8లో దేవుడు ఆజ్ఞాపించెను. అయితే వారిని ఇంటికి పొమ్మనలేదు. తమ సహోదరులతో కూడ కావలి యుండవచ్చును. మోయుట వేరు, కావలి వేరు. దీనిని మన వృద్ధులకు చెప్పువారు తక్కువ.

మా ఇంట ఆరు పెట్టలుండెను. మా ఇద్దరి మోకాళ్లును ఒకే సంవత్సరము చెడినవి (వివాహములో ఐకమత్యమని దీనిని అనవచ్చునేమో). ప్రార్థించి, రెంటిని మాత్రము గుడ్లకొరకు ఉంచుకొంటిమి. వాటిని పొదుగు పెట్టము. నాలుగింటిని వీధి చివర నున్న కూలివారి బాలికకు పాలుకిచ్చితిమి. మన పల్లెలలో ఇది పాత పద్ధతియే: మేపువారికి సగము పిల్లలు, ఇచ్చినవారికి సగము. మా సగము కోతకాలపు పండుగకు. గూడు ఆమె ఊడ్చును, టీకా దినములు మేము జ్ఞాపకము చేయుదుము.

కింహామునకు యెరూషలేములో ఏమి జరిగెనో గ్రంథము విస్తారముగా చెప్పదు. అయితే సుమారు 400 సంవత్సరముల తరువాత, యిర్మీయా 41:17లో, బేత్లెహేము దగ్గర అతని పేరు గల స్థలమొకటి కనబడుచున్నది. ముసలివాడు వద్దన్న ఆ పిలుపు పడుచువానికి ఎంత దూరము పోయినదో!

ఆ బాలిక నల్లపెట్టను మొన్న పొదుగు పెట్టినది. 21వ దినము ఎప్పుడగునో తన లెక్కల పుస్తకపు అట్టమీద వ్రాసికొనినది.