చేతి తడబాటు చేతనుని దోషమా?



తీర్థము స్వీకరించునపుడు కొందరు బాలుర చేతినుండి అది జారి నేలపాలగును. ఎంత శ్రద్ధగా దిద్దుకొన్నను ఊర్ధ్వపుండ్రము వంకరపోవును. పంచె కట్టుట, గుండీ పెట్టుట, అక్షరములు వ్రాయుట తోటివారికి త్వరలోనే అలవడును. వీరికి ఏండ్లు పట్టును. "వీనికి శ్రద్ధ లేదు, భక్తి లేదు" అని పెద్దలు గద్దింతురు. ఆ మాట న్యాయమా?

ఈ స్థితికి వైద్యులు డిస్‌ప్రాక్సియా అని పేరిడిరి. గ్రీకు భాషలో ప్రాక్సిస్ అనగా క్రియ. 'డిస్' మన 'దుస్' అను ఉపసర్గకు సోదరపదము. ఇది తెలివితక్కువతనము కాదు, సోమరితనము కాదు. చేయదలచిన పనిని వరుసగా కూర్చి అవయవములచేత చేయించుటలో మెదడునకు కలుగు ఇబ్బంది. నూటికి అయిదారుగురు పిల్లలలో ఇది కలదని అంచనా. పెద్దయిన పిదపను చాలమందిని ఇది వీడదు. మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, అభ్యసన వైకల్యములను నిర్వచించుచు దీనిని పేరుపెట్టి పేర్కొన్నది.

గీత పదునెనిమిదవ అధ్యాయమున భగవానుడు ప్రతి కర్మకును అయిదు హేతువులు చెప్పినాడు: అధిష్ఠానము, కర్త, కరణములు, చేష్టలు, దైవము. భగవద్రామానుజులు తమ భాష్యమున అధిష్ఠానము శరీరమనియు, కర్త జీవాత్మయనియు, దైవము అంతర్యామియైన పరమాత్మయనియు వివరించినారు. కర్త వేరు, కరణములు వేరు. బాలుడు సంకల్పించెను, చేయి సహకరింపలేదు. అందుకు వాని భక్తిని శంకించుట, తీగ సడలిన వీణను విని వైణికుని విద్యను శంకించుట వంటిది. తన చేతి నేర్పు కేవలము తనదేయని గర్వించువాడును ఇట్లే పొరబడుచున్నాడు.

గద్దింపులకు వెరచిన బాలుడు క్రమముగా కోవెలకు వచ్చుటయే మానును. నేలపాలైన తీర్థముకంటె అది పెద్ద నష్టము.

కావున గృహస్థులు ఓర్పు వహింపవలెను. ఆచమనము నేర్పునపుడు పాత్ర పట్టుట, ఉద్ధరిణెతో నీరు తీయుట, అరచేత పోసికొనుట ఒక్కొక్కటిగా, ప్రతిదినము అదే వరుసలో నేర్పుడు. తొందరపెట్టకుడు; నలుగురిలో నవ్వకుడు. తీర్థమిచ్చు వేళ వాని చేతిక్రింద మీ చేయి ఉంచుడు. పిల్లల వైద్యునికి చూపి, ఆయన సూచించినచో ఆక్యుపేషనల్ థెరపీ అను శిక్షణ ఇప్పింపుడు. బడిలో ఉపాధ్యాయునికిని ఈ సంగతి తెలుపుడు.

పత్రమైనను, పుష్పమైనను, ఫలమైనను, జలమైనను భక్తితో ఇచ్చినచో స్వీకరింతునని స్వామి సెలవిచ్చినాడు. చేతి నేర్పును ఆయన అడుగలేదు. ఆయన అడుగనిదానిని ఆ పసివానినుండి మనము అడుగుట తగదు.