ఆకుపై నడచిన ఆకు

శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత తన యిరువదినలుగురు గురువులను పేర్కొనుచు తుమ్మెదను, శలభమును, సాలెపురుగును సైతము ఆ వరుసలో చేర్చినాడు. వానిని చూచి నేర్చుకొనెనే గాని పట్టి నేర్చుకొనలేదు. ఈ భేదము నాకు చాల ఆలస్యముగా, అండమాను దీవులలో తెలిసివచ్చినది.

2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిర్ నగరమున తెలుగు కుటుంబములు పెక్కు కలవు. అట్టి యొక యింటి బాలునితో దక్షిణ అండమాను కొనయందలి చిడియా టాపూ అడవిదారిని పోవుచుంటిని. ఒక పొదలో, ఆకుపై ఆకు నడచినది!

బాలుడు "మిడత!" అనెను. నేనును అట్లే యనుకొంటిని. కాని దాని మీసములు శరీరముకంటె పొడవు. సామాన్యమైన మిడతకు అవి పొట్టివి. ఇది ఆకుమిడత, ఆంగ్లమున కేటీడిడ్ అందురు. (అమెరికాలోని యొక జాతి కూత ఆ మాటలవలె వినబడుటచే ఆ పేరు వచ్చినది.) రెక్కలమీద ఆకు ఈనెలవంటి గీతలు కూడ నున్నవి. చెవులు తలయందు గాక ముంగాళ్లయందు, మోకాలి క్రిందుగా నుండును! గ్రుడ్లు పెట్టుటకు ఆడుదానికుండు కత్తివంటి అవయవము తోకవైపున లేదు గనుక ఇది మగది. ఎడమరెక్కను కుడిరెక్కపై రాచి రాత్రులందు పాడునది సాధారణముగా మగది.

"ఏ జాతి, స్వామీజీ? సీసాలో వేసి తీసికొనిపోదుమా?"

జాతి నిర్ణయింపవలెనన్న ఎడమరెక్క అడుగున రంపపు పండ్లవలె నుండు వరుసను సైతము పరీక్షింపవలసి వచ్చును. అందులకు సాధారణముగా ప్రాణిని చంపుదురు. శాస్త్రజ్ఞులకు ఆ యవసరము కలదు, వారిని నేను నిందింపను. మాకున్నది కుతూహలము మాత్రమే. కావున ఫొటోలు చాలునని, అహింసను గూర్చి నాలుగు మాటలు చెప్పితిని. చెప్పుచు కొంత సంతోషించితిని కూడ.

బాలుడు సెల్‌ఫోనుతో ప్రక్కనుండి, పైనుండి ఫొటోలు తీసెను. ముంగాలి చెవి మాత్రము స్పష్టముగా రాలేదు. వెలుతురువైపు త్రిప్పదలచి నేను కొమ్మను వంచబోతిని. వ్రేళ్ల నడుమ వెనుకకాలు చిక్కినది. ఆ కాలు నా చేతిలో విడిచి పురుగు ఎగిరిపోయెను. రెక్కలు పూర్తిగా వచ్చిన ఆకుమిడత మరల కుబుసము విడువదు. పోయిన కాలు మరల మొలవదు.

సీసా వలదన్నవాడను నేనే; ఇంకను మంచి చిత్రము కావలెనని చేయి చాచినవాడనును నేనే. ఈ రెండవది కోరికయని నాకు తోచనే లేదు, జ్ఞానమని తోచినది.

బాలుడు నన్నేమియు అనలేదు. ఇంటికి వచ్చి చిత్రముల క్రింద స్థలము, తేదీ, "ఆకుమిడత, మగది" అని వ్రాసెను. పిమ్మట నావైపు చూచి, "కాలు సంగతి వ్రాయవలెనా, స్వామీజీ?" అని అడిగెను.

వ్రాయుమంటిని.